నూరు గొర్రెల కూలి

మూటకింత, బోగీకింత, బట్వాడా చేసిన పార్సెలుకింత అని లెక్కగట్టి కూలి ఇచ్చే పద్ధతి మన శాఖల చుట్టూ నానాటికీ అల్లుకొంటున్నది. నెలజీతమునకు అలవాటుపడిన మనలో కొందరికి ఇది కాంట్రాక్టు కార్మికుల గొడవే తప్ప మన గొడవ కాదనే అభిప్రాయము లేకపోలేదు. ఆ అభిప్రాయము ఎంత పొరపాటో గ్రహించుటకు, ఆస్ట్రేలియాలో పరుల గొర్రెల ఉన్ని కత్తిరించి జీవించిన కార్మికుల చరిత్రను ఒకమారు పరిశీలింపవలెను. చేసిన పనికి న్యాయమైన ధర ఏదన్న ప్రశ్నను వారంత పట్టుదలతో అడిగినవారు అరుదు.

ఆ దేశములో 'స్టేషను' అన్నచో రైలు ఆగు చోటు కాదు. వేలాది గొర్రెలను మేపు విశాలమైన భూస్వామి క్షేత్రము. కత్తిరింపు కాలము రాగానే కార్మికులు మూటాముల్లె కట్టుకొని క్షేత్రము నుండి క్షేత్రమునకు పోయి పనిచేసెడివారు. కూలి నూరు గొర్రెల లెక్కన కట్టెడివారు. 1886లో పలువురు యజమానులు నూటికి 20 షిల్లింగులుగా ఉన్న రేటును పదిహేడున్నరకు దించబూనిరి. ఆ ఏడే కత్తిరింపు కార్మికుల సంఘము వెలసినది. దానికి నాయకత్వము వహించిన డబ్ల్యు.జి. స్పెన్స్ గని కార్మికోద్యమము నుండి వచ్చినవాడు.

రెండున్నర షిల్లింగుల కోత అందరికీ కనబడినది. కాని అసలు దోపిడీ రేటు అంకెలో లేదు, ఒప్పందపు షరతులలో ఉన్నది. కత్తిరింపు సరిగా లేదని యజమానికి తోచినచో ఆ గొర్రెపై జేగురుతో గుర్తు పెట్టి, దానికి కూలి ఎగవేయవచ్చును. సరిగా ఉన్నదా లేదా అని తేల్చువాడు యజమానియో, అతని మేస్త్రీయో. అప్పీలు అనునది లేదు. అనేక ఒప్పందములలో మొదటి ధర, రెండవ ధర అని రెండు రేట్లుండెడివి. పని పూర్తికాకముందే ఏదో ఒక సాకుతో వెళ్ళగొట్టబడినవానికి, అతడు అంతవరకు కత్తిరించిన గొర్రెలన్నిటికీ రెండవదైన తక్కువ ధరయే గతి. ఇక తిండిగింజలు యజమాని దుకాణములోనే కొనవలెను. ఆ పద్దు కూలిలో కోసుకొనగా చేతికి వచ్చునది ఎంతయో చివరి దినము వరకు తెలియదు. ఇన్ని చిల్లులుండగా నూటికి 20 షిల్లింగులైననేమి, 30 అయిననేమి?

కావుననే వారు కేవలము అంకె కొరకు గాక షరతుల కొరకు పోరాడిరి. కాలక్రమమున వారు సాధించినవి మనకు ఆశ్చర్యము గొలుపును. పొట్టేలు పెనుగులాడును, బరువు ఎక్కువ. కనుక దానికి రెట్టింపు కూలి. (ఇంగ్లండులో శీతకాలమునకు ముందు పరుల గుర్రాలకు బొచ్చు కత్తిరించువారు కూడ తన్నే గుర్రమునకు, బురదతో వచ్చిన గుర్రమునకు అదనముగా అడుగుట కలదు, న్యాయమొక్కటే.) తడిసిన గొర్రెను కత్తిరించుట ఆరోగ్యమునకు హానియని కార్మికుల వాదము. తడి ఉన్నదీ లేనిదీ తేల్చుట యజమాని వంతు కాదు: తలా రెండు గొర్రెలు కత్తిరించి చూచి, కార్మికులే రహస్య వోటు వేసెదరు. దినమునకు రెండేసి గంటల విడతలు నాలుగు, నడుమ విరామములు. 1907లో మధ్యవర్తిత్వ న్యాయస్థానము నూటికి 24 షిల్లింగుల రేటు నిర్ణయించినది.

ఇది ఊరక లభించలేదు. 1890లో జోండర్యాన్ క్షేత్రములో సంఘేతరులు కత్తిరించిన ఉన్నిని బ్రిస్బేన్ రేవు కార్మికులు ఓడకెక్కించ నిరాకరించగా యజమాని దిగివచ్చెను. మరుసటి ఏడు క్వీన్స్‌లాండ్‌లో జరిగిన మహాసమ్మె మాత్రము సైన్యము దిగుటతో ఓడిపోయినది. నాయకులు పలువురికి కుట్రనేరముపై మూడేళ్ళ ఖైదు శిక్ష విధింపబడినది. 1956లో పది శాతము కోతపై అదే రాష్ట్రములో నెలల తరబడి సాగిన సమ్మె గెలిచినది. అప్పుడును ఇతర సంఘముల వారు ఆ ఉన్నిని ముట్టకుండుటయే ఆయువుపట్టు. అయితే ఒక్క మాట చెప్పక తప్పదు. ఈ సంఘమే చైనీయులకు సభ్యత్వము నిరాకరించినది. ఆసియావాసులమైన మనము దానిని మరువలేము, మరువనక్కరలేదు. తోటి కార్మికుని బయట నిలిపిన సంఘము తన రేటుకు తానే గండి కొట్టుకొన్నట్లు కాదా?

ఇప్పుడు మన ఇంటి సంగతి చూతము. స్టేషనులో పోర్టరు కూలి తూకమును బట్టి బోర్డు మీద వ్రాసి ఉండును. ఎక్కిన మెట్లు, ఆలస్యముగా వచ్చు బండి కొరకు కూలి లేక గడిపిన రాత్రి ఆ తూకములో ఎక్కడ ఉన్నవి? గ్రామీణ డాక్ సేవకుల విషయము మరింత స్పష్టము. ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టులలో ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. అయినను 2018 జూలై 1 నుండి అమలైన సవరణలో వారి భత్యము నాలుగు గంటలు, ఐదు గంటలు అను రెండు స్లాబులకే కట్టుబడినది. ఏ స్లాబు అన్నది పనిభారపు లెక్క తేల్చును. ఆ లెక్క వ్రాయువారెవరు? చేతిలోని యంత్రమునకు సిగ్నల్ అందక చెట్టు క్రింద నిరీక్షించిన గంట, వాగు పొంగగా చుట్టు తిరిగి పోయిన నాలుగు మైళ్ళు, తలుపు మూసి ఉన్నందున రెండవమారు పోయిన ఇల్లు: ఇవి లెక్కకు ఎక్కినవా, లేక జేగురు గుర్తు పడిన గొర్రెలుగా మిగిలినవా?

రేటు పెంపు కోర్కెను మేము తక్కువ చేయుట లేదు. అది అవసరమే. కాని కోర్కెల పత్రములో రేటు పేరా ఒకటి, కొలత పేరా ఒకటి విడిగా ఉండవలెను. కొలత కట్టు కమిటీలో పని చేయువాని ప్రతినిధి లేనిదే సంతకము పెట్టరాదు. కోత విధించినచో కారణము వ్రాతమూలకముగా ఇవ్వవలెను, దానిపై అప్పీలుకు వీలుండవలెను.

శాఖా కార్యదర్శులు తమ పరిధిలోని డాక్ సేవకుల, పోర్టర్ల, శుభ్రతా కాంట్రాక్టు కార్మికుల ఒక వారపు దినచర్యను, వారి నోట విన్నది విన్నట్లు, గంటలతో సహా వ్రాసి కేంద్ర కార్యాలయమునకు పంపవలసినదిగా కోరుచున్నాము. కూలి ముట్టిన పనిని ఒక వరుసలో, ముట్టని పనిని మరొక వరుసలో వ్రాయగలరు.