కోర్టుకెళ్తే సత్ప్రసాదం పోదు

వీరపునాయునిపల్లె, యర్రగుంట్ల, వేంపల్లె పరిసరాల్లో కతోలిక కుటుంబాల్లో కాపురం చెడినప్పుడు తరచూ వినబడే మాట ఒకటుంది: కోర్టులో విడాకులు తీసుకుంటే ఇక సత్ప్రసాదం ఇవ్వరని. అత్తింటివాళ్ళు అంటారు, పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషులు అంటారు, ఒక్కోసారి ఉపదేశి కూడా అంటాడు. దెబ్బలు తిని పుట్టింటికి చేరిన ఆడబిడ్డ ఆ భయంతోనే మళ్ళీ ఆ ఇంటికి పోతుంది.

ఆ మాట నిజం కాదు. 1992లో రెండో జాన్ పాల్ పోపుగారి కాలంలో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం 2383వ పేరా ఈ సంగతి తేల్చేసింది. న్యాయమైన హక్కులు, పిల్లల సంరక్షణ, ఆస్తి రక్షణ దక్కడానికి సివిల్ విడాకులు తప్ప వేరే దారి లేనప్పుడు వాటిని తీసుకోవడం పాపం కాదని దాని సారాంశం. తన తప్పు లేకుండా విడిచిపెట్టబడిన మనిషిని, కాపురాన్ని తానే చెడగొట్టిన మనిషిని ఒకే గాటన కట్టకూడదని 2386వ పేరా చెబుతుంది. మొదటి జ్ఞానవివాహం చెల్లుబాటులో ఉండగా మరో పెండ్లి చేసుకున్నప్పుడే అసలు ఆటంకం వస్తుంది. విడాకుల డిక్రీ చేతికొచ్చినంత మాత్రాన రాదు.

శ్రీసభ బోధను తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. జ్ఞానస్నానం పొందిన ఇద్దరు చెల్లుబాటయ్యే పెండ్లి చేసుకుని కాపురం చేశాక ఆ బంధాన్ని ఏ మానవశక్తీ తెంచలేదని 1983 నాటి ధర్మశాస్త్రం 1141వ నియమం అంటుంది. భార్య బతికుండగానే రెండో సంసారం పెట్టడం మగవాడి హక్కుగా చెల్లిపోయిన సీమలో ఈ పట్టుదల ఆడవాళ్ళకు ఎంతో కొంత అండగానే నిలిచింది. అయితే అదే పుస్తకంలో 1153వ నియమం కూడా ఉంది. జీవిత భాగస్వామివల్ల తనకో, పిల్లలకో శరీరానికి గాని ఆత్మకు గాని పెద్ద ప్రమాదం ఉంటే వేరుగా ఉండవచ్చు. ఆలస్యమైతే ముప్పనుకుంటే బిషప్‌గారి అనుమతికి ముందే ఇల్లు వదిలి రావచ్చు. పంచాయితీల్లో మొదటి నియమం గుర్తున్నంత బలంగా రెండోది గుర్తుండదు. సర్దుకుపొమ్మనడం తేలిక కాబట్టి.

చట్టం సంగతి చూద్దాం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఫాదర్‌గారు గుడిలో జరిపించిన పెండ్లి ప్రభుత్వం దృష్టిలోనూ పెండ్లే. పెండ్లి జరిగే రోజున శ్రీసభ, సర్కారు ఒకే రిజిస్టరులో కలుస్తాయి. కాపురం విరిగిన రోజున ఎవరి దారి వారిది. కోర్టు డిక్రీతో గుడిలో బంధం తెగదు. మేత్రాసన ట్రిబ్యునల్ విచారించి, బలవంతపు సమ్మతి, మోసం, మానసిక అశక్తత వంటి కారణాలతో ఆ పెండ్లి మొదటినుంచే చెల్లలేదని తేల్చినా ఆ తీర్పు కోర్టుకు పట్టదు. ఈ సంగతి సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ట్రిబ్యునల్ తీర్పులకు చట్టబద్ధత ఇవ్వాలని మంగళూరు కతోలిక నాయకుడు, న్యాయవాది క్లారెన్స్ పాయిస్ వేసిన పిటిషన్‌ను 2017 జనవరిలో కొట్టివేసింది. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో ఈ విచారణను సులువు చేశారు. అంతకుముందు రెండు ట్రిబ్యునళ్ళు ఒకే మాట చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక తీర్పు చాలు, ఖర్చు కూడా వీలైనంతవరకు పక్షాలమీద పడకూడదన్నారు. మంచి సంస్కరణే. కానీ ట్రిబ్యునల్ తీర్పు పట్టుకుని మరో పెండ్లి చేసుకున్నవాళ్ళు కోర్టు డిక్రీ కూడా లేకపోతే ద్విభార్యత్వం కేసులో ఇరుక్కుంటారు. ఈ హెచ్చరిక ప్రతి విచారణ (పారిష్) గుడిలోనూ చదివి వినిపించాలి.

సర్కారు చట్టం మాత్రం సక్రమంగా ఉందా? 1869 నాటి విడాకుల చట్టంలో భార్య వ్యభిచారం ఒక్కటే భర్తకు సరిపోయేది. భార్యకైతే భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు కావాల్సి వచ్చేది. ఆ వివక్షను 1996లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ కొట్టేసింది. పార్లమెంటు కదిలి ఇద్దరికీ ఒకే కారణాలు పెట్టింది 2001లో. అప్పుడు కూడా రెండు లోపాలు మిగిలిపోయాయి. పరస్పర అంగీకారంతో విడిపోవడానికి హిందువులకు ఏడాది ఎడబాటు చాలు, క్రైస్తవులకు రెండేళ్ళు. కేరళ హైకోర్టు 2010లో దాన్ని ఏడాదికి కుదించింది, 2022లో ఆ ఏడాది గడువును కూడా రాజ్యాంగ విరుద్ధమంది. చట్టం పాఠంలో మాత్రం రెండేళ్ళే.

రెండో లోపం ఇంకా బాధాకరం. పెండ్లి జరిగిన చోటో, ఇద్దరూ ఉంటున్న చోటో, చివరిసారి కలిసున్న చోటో ఉన్న జిల్లా కోర్టులోనే క్రైస్తవులు విడాకుల పిటిషన్ వేయాలి. హిందూ భార్య అయితే 2003 సవరణ తర్వాత తానుంటున్న చోటనే వేసుకోవచ్చు. ఇక్కడి పిల్లకు మగపెండ్లివారి ఊళ్ళో, నంద్యాల జిల్లాలో పెండ్లయి, కాపురం కూడా అక్కడే చేసి, చంటిబిడ్డతో వీరపునాయునిపల్లెకు తిరిగొచ్చిందనుకోండి. ప్రతి వాయిదాకూ అక్కడికే పోవాలి. ఆరోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, పైగా ఎవరిని తప్పించుకుని వచ్చిందో అతని మనుషులున్న చోటికే పోవాలి.

ఇంకో చిక్కు గురించి బయట ఎవరూ నోరు విప్పరు. ఇక్కడి కతోలికుల్లో దళితులు చాలామంది. అలాంటి ఆడకూతురి చేతి కవరులో జ్ఞానస్నాన పత్రం ఉంటుంది, గుడి ఇచ్చిన పెండ్లి పత్రం ఉంటుంది, వాటి పక్కనే హిందువు అని రాసిన ఎస్సీ సర్టిఫికెట్ కూడా ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులకు ఎస్సీ హోదా నిరాకరించింది. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి. క్రైస్తవ చట్టం కింద విడాకులడిగితే తన మతం కోర్టు కాగితంమీదికి ఎక్కుతుంది. రేపు పిల్లల స్కాలర్‌షిప్పు ఏమవుతుందోనని భయం. హిందూ వివాహ చట్టం కింద పోదామంటే భర్త గుడి రిజిస్టరు తెచ్చి చూపిస్తాడు. ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుందని 2008లో సుప్రీంకోర్టు మన విశాఖపట్నం కేసులోనే చెప్పింది. రోమన్ కతోలిక యువకుడు హిందూ యువతిని హిందూ దేవాలయంలో తాళి కట్టి చేసుకున్న పెండ్లి అది. రిజిస్టరు చేయించినా నిలబడలేదు. అందుకే చాలామంది ఏ కోర్టుకూ పోకుండా, పెండ్లయినట్టూ కానట్టూ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతారు. ఒకరు కువైట్‌లో, ఒకరు ఇక్కడ ఉన్న ఇళ్ళలో ఈ పరిస్థితి మరీ ఎక్కువ. ఈ నేరం ఆ ఆడమనిషిది కాదు. మతం మారినా మారని కులాన్ని గుర్తించడానికి నిరాకరించిన చట్టానిది.

పెండ్లికి ముందు శ్రీసభ ఎంత జాగ్రత్త పడుతుందో అందరికీ తెలుసు. చాటింపులు వేస్తారు, జ్ఞానస్నాన పత్రాలు చూస్తారు. మేనరికమైతే నాలుగో తరగతి రక్తసంబంధం కిందికి వస్తుంది కాబట్టి బిషప్‌గారి మినహాయింపు తెప్పిస్తారు. సీమ ఆచారాన్ని అర్థం చేసుకుని ఆ మినహాయింపులు ఇస్తూనే ఉన్నారు. విరిగిన కాపురానికి కూడా అంత శ్రద్ధా దక్కాలి. కడప మేత్రాసనం ప్రతి విచారణలోనూ ఒక మనిషికి మనోవర్తి, గృహహింస చట్టాలు, ట్రిబ్యునల్ పద్ధతి నేర్పించి కూర్చోబెట్టాలి. దెబ్బలు తిన్న మనిషిని తిరిగి పంపే పంచాయితీకి గుడి ఆవరణలో చోటివ్వకూడదు. మన ఎంపీలు విడాకుల చట్టంలో భార్య నివాసముండే చోటును చేర్చే చిన్న సవరణకు పూనుకోవాలి. ఏ మతం మనోభావాలూ దానితో దెబ్బతినవు.

ఆ సవరణ వచ్చేదాకా ఆగనక్కర్లేని దారులు రెండున్నాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మనోవర్తి, 2005 గృహహింస చట్టం కింద రక్షణ. రెండింటికీ పుట్టింట్లో ఉంటున్నా సరే, తానుంటున్న ప్రాంతపు మేజిస్ట్రేట్ కోర్టులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ రెండు చట్టాలూ మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తాయి.