ధ్వనితో జూచు విద్య



ఈ నెల మాకు వచ్చిన జాబులలో నొకటి తక్కినవానిని వెనుకకు నెట్టినది. వ్రాసిన యామె కూతురు ఇంటర్మీడియటులో జీవశాస్త్రమున మంచి మార్కులు తెచ్చుకొన్నది గాని వైద్యకళాశాలలో సీటు దొరకలేదు. తమ పట్టణమందలి యొక శిక్షణాలయమువారు ఏడాదిలో స్కానింగు నేర్పి, గర్భిణులకు స్కానింగు చేయు నుద్యోగ మిప్పింతు మనుచున్నారట. రుసుము కొఱకు తల్లి తన గాజులు కుదువ పెట్టదలచినది. అమెరికాలోనున్న ఆడబిడ్డ కూతురు ఈ పనియే చేసి గౌరవముగా బ్రదుకుచుండగా మా పిల్ల కేల తగదని యామె ప్రశ్న.

విద్య తగినదే. గాజులు మాత్రము ఇప్పుడే చేతినుండి తీయవలదని మా మనవి.

ముందు ఆ విద్య యెట్టిదో చూతము. మన చెవి సెకనునకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. స్కానింగు యంత్రపు ధ్వని సెకనునకు 20 లక్షలకు పైబడి కంపించును. చేతిలో నిముడు ప్రోబు ఆ ధ్వనిని దేహములోనికి బంపి, అవయవములను దాకి మరలివచ్చు ప్రతిధ్వనిని గ్రహించును. అది వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము గణించి యంత్రము తెఱపై బొమ్మ కట్టును. అమరకోశమున పామునకు చక్షుశ్శ్రవస్సని పేరు గలదు, కన్నులతో వినునది యని. ఇచట చెవితో చూచుట! గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డను ప్రసూతివైద్యుడు తన సహచరులతో గూడి 1958లో లాన్సెట్ పత్రికయందు వ్యాసము ప్రకటించిన పిమ్మట ఈ పద్ధతి ప్రసూతివైద్యమున క్రమముగా పాదుకొన్నది. పొట్టపై ఆ చల్లని జెల్లు ఎందులకని విసుగుకొనువారు మనలో గలరు. చర్మమునకును ప్రోబునకును నడుమ గాలి చేరిన ధ్వని లోనికి బోక వెనుదిరుగును; ఆ గాలిని తొలగించుటకే యీ జెల్లు.

ఈ పనిలో సగము చేతిది. చేయి రవ్వంత వాలిన బొమ్మయే మాఱిపోవును. ద్రవము నల్లగా, ఎముక తెల్లగా కనబడును. పిత్తాశయమున రాయి యున్నచో దాని వెనుక నీడ పడును. పుస్తకమున నిది చదువుట యొక గడియ పని. కదలుచున్న దేహమున దానిని పట్టుకొనుటకు నెలల సాధన కావలయును, వీణపై వ్రేళ్లు నిలుచుటకు వలెనే. ఏండ్ల తరబడి చేయి చాచి ప్రోబు నొత్తుటచే భుజముల నొప్పి, మణికట్టు నొప్పి పెక్కుమందికి వచ్చును. ఈ మాట శిక్షణాలయపు ప్రకటనలలో కానరాదు.

అమెరికాలో ఈ పని చేయువారిని సోనోగ్రాఫర్లందురు. గుర్తింపు పొందిన విద్యాలయమున సాధారణముగా 2 సంవత్సరములో, అంతకు మించియో చదివి, ఆస్పత్రిలో అభ్యాసము చేసి, పిదప 1975లో నేర్పడిన ఏఆర్‌డీఎంఎస్ అను సంస్థవారి పరీక్షలు వ్రాయుదురు. యంత్రమునకు సంబంధించిన భౌతికశాస్త్రమున నొకటి, ఉదరమో ప్రసూతియో తాము కోరుకొన్న శాఖయందు మఱియొకటి. బొమ్మ తీయుట వారి పని. దానికి అర్థము చెప్పుట వైద్యునిది. తెఱపై బిడ్డ గుండె కదలిక కనబడనప్పుడు తల్లి "బాగున్నదా?" యని యడుగును. ఏమియు పైకి తెలియనీయక, ముఖము చెదరనీయక, వైద్యుని పిలువవలయును. మా దృష్టిలో ఆ విద్యయందు మిక్కిలి కఠినమైన భాగ మిదియే.

మన దేశమున త్రోవ వేఱు. ఆడుశిశువుల నెఱిగి తొలగించు దురాచారమునకు ఈ యంత్రమే సాధనమైనది. ఆఱేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడుపిల్లలు 1991లో 945 మంది యుండగా 2001 నాటికి 927కు దిగిరి. 1994లో చేసిన శాసనము 1996 మొదలు అమలులోనికి వచ్చి, 2003లో మఱింత బిగించబడినది. దాని ప్రకారము గర్భిణికి స్కానింగు చేయు నధికారము తగిన యర్హత గల రిజిస్టర్డు వైద్యులకే గలదు. ఎం.బి.బి.ఎస్. చదివినవారు సైతము 2014 నాటి నియమముల ననుసరించి 6 నెలల శిక్షణ పొందవలయును. శిశువు ఆడో మగో మాటచే గాని సైగచే గాని తెలుపరాదు. శాసనము మీఱిన కేంద్రపు యజమానికే గాక అందు కొలువున్నవారికిని తొలి తప్పునకే 3 సంవత్సరముల వఱకు చెఱసాల, 10,000 రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. ఏడాది సర్టిఫికెటుతో ఆ పిల్ల ప్రోబు పట్టినచో చెఱసాల భయము ఆమెకును తప్పదు. శాసనము కఠినమని మేము చింతింపము; చింత యెల్ల దీనిని దాచి రుసుము వసూలు చేయువారిని గుఱించియే.

పిల్లకు ఈ యంత్రములపై మక్కువ యున్నచో, విశ్వవిద్యాలయపు గుర్తింపు గల మెడికల్ ఇమేజింగు టెక్నాలజీ డిగ్రీ గలదు. ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై యంత్రములు నడుపుట అందు నేర్పుదురు. పెండ్లియై అమెరికా వెళ్లు ఆడపిల్లలు అచటనే సోనోగ్రాఫరు విద్య చదువుకొనవచ్చును గాని, భర్త వీసాపై వెళ్లినవారిలో పెక్కుమందికి ఉద్యోగము చేయుటకు వేఱుగా అనుమతి కావలయును.

జాబు వ్రాసిన సోదరి ఆ శిక్షణాలయమువారిని ఈ క్రింది మాట కాగితముపై వ్రాసి సంతకము చేసి యిమ్మని యడుగవలెను: "మా సర్టిఫికెటుతో గర్భిణికి స్కానింగు చేయుట శాసనసమ్మతము." వారేమనిరో మాకు తెలియజేసినచో వచ్చు నెల ఇచటనే ప్రకటింతుము.