మాట్లాడని తెర

అంధ స్త్రీల చేతికి కంప్యూటర్లిచ్చి స్వావలంబన సాధించామని చెప్పుకునే సంస్థలను ఒకటే అడుగుతున్నాను: అది మొరాయించిన రోజు సంగతేమిటి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేసుకోవాలంటే కొన్ని యంత్రాల్లో ముందు బయాస్‌లోకి వెళ్లి టీపీఎం అనే భద్రతా ఏర్పాటును ఆన్ చెయ్యాలి. దాదాపు ఏ కంప్యూటర్లోనూ బయాస్ తెర మాట్లాడదు. ఎన్‌వీడీఏ, జాస్ వంటి తెర చదివే సాఫ్ట్‌వేర్లు అప్పటికింకా మొదలే కావు. ఇక తమ్ముణ్ణో, రిపేరు షాపు కుర్రాణ్ణో పిలవాలి. పాస్‌వర్డ్ చెప్పాలి. భర్త మీద రాసుకున్న ఫిర్యాదూ, బ్యాంకు లెక్కలూ అందులోనే ఉంటాయి. దీన్నే మన ఇళ్లల్లో ‘సాయం’ అంటారు!

ఇది సాంకేతికంగా అసాధ్యమంటే నేనొప్పుకోను. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో బీప్ వినగానే ‘ఎస్’ నొక్కి ఎంటర్ కొడితే తెర చదివి వినిపిస్తుంది. మాక్ రికవరీలో వాయిస్‌ఓవర్ ఉంది. విండోస్ సెటప్‌లోనూ కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే నరేటర్ పలుకుతుంది, సౌండ్ డ్రైవర్ కలిసొస్తే. నిత్యం వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడుకోగల రూపంలో దొరికేలా చూడమని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రభుత్వానికి చెబుతోంది. ప్రభుత్వం సరే, కొటేషన్లు పిలిచేటప్పుడు ధర, వారంటీ తప్ప ఈ షరతు మనమెప్పుడైనా రాశామా?