గ్లైడరుకు మోటారు ఎంత ఉండాలి?



కిందటి వేసవి సెలవుల్లో మా పక్కింటి కుర్రవాడు నెలరోజులు కష్టపడి బాల్సా కర్రతో ఒక గ్లైడరు చేశాడు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 2 మీటర్లు. నేల మీద నిలబడి రేడియోతో నడిపేది. దాని ముక్కున మోటారు, లోపల బ్యాటరీ పెట్టాలి. వాళ్ళ నాన్నగారు ఇచ్చిన డబ్బు పట్టుకుని వాడు దుకాణానికి పోయి, అక్కడున్న వాటిలో అన్నిటికన్నా బలమైన మోటారూ, అన్నిటికన్నా పెద్ద బ్యాటరీ కొనుక్కొచ్చాడు. పెద్దవైతే మంచివే గదా అని వాడి ఉద్దేశం!

మైదానంలో దాన్ని వదలగానే తారాజువ్వలాగా పైకి పోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం. కాని మోటారు ఆపగానే అది గద్దలాగా తేలలేదు. జోరుగా కిందికి వచ్చి నేలను కొట్టుకున్నది. కుడి రెక్క రెండు ముక్కలయింది.

ఆ సాయంత్రం వాడు విరిగిన రెక్క చంకన పెట్టుకుని మా యింటికి వచ్చి, "బాబాయిగారూ, ఇంకా బలమైన మోటారు కొనాలంటారా?" అని అడిగాడు.

"ముందు తక్కెడ తీసుకురా," అన్నాను.

తూచి చూస్తే గ్లైడరు 1,250 గ్రాములున్నది. ప్లానులో రాసినది 900 గ్రాములే! మోటారూ బ్యాటరీ బరువైనవి కావటంచేత ముక్కు వాలిపోయింది. దాన్ని సరిచేయటానికి వాడు తోకకు సీసం కట్టాడు. ఆ విధంగా బరువు మీద బరువు చేరింది.

బరువు పెరిగితే ఏమవుతుంది? గాలిలో నిలవటానికి గ్లైడరు మరింత వేగంగా పోవలసి వస్తుంది. మరింత త్వరగా కిందికి దిగుతుంది కూడా. నేలకు తగిలే దెబ్బ బరువును బట్టీ, వేగాన్ని బట్టీ ఉంటుంది గనక, ఈ 350 గ్రాముల మూలంగా ఆ దెబ్బ దాదాపు రెట్టింపయింది. అందుకే రెక్క విరిగింది.

మామూలు విమానానికి మోటారు ఎగిరినంతసేపూ తిరగాలి. గ్లైడరుకు అట్లా కాదు. మోటారు దానికి నిచ్చెన వంటిది. పైకి ఎక్కటానికే కావాలి. ఎక్కిన తరవాత కూడా ఆ నిచ్చెనను వీపున మోస్తూ తిరగాలి. మరి మోసే నిచ్చెన తేలికగా ఉండవద్దూ?

1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలో కేవలం బ్యాటరీల శక్తితో మనిషిని మోసుకుంటూ ఎగిరిన విమానం కూడా గ్లైడరు జాతిదే. ఆనాటి నికెల్-కాడ్మియం బ్యాటరీలు చాలా బరువు. పొడుగాటి రెక్కలతో కొద్దిపాటి శక్తికే తేలే విమానమైతేనే వాటిని మోయగలిగేది.

ఇక లెక్కకు వద్దాం. కిలో బరువు గ్లైడరు చక్కగా పైకి ఎక్కటానికి బ్యాటరీ నుంచి 150 మొదలు 200 వాట్ల దాకా చాలు. మన గ్లైడరు 900 గ్రాములు గనక 135 నుంచి 180 వాట్లు. వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేస్తే వాట్లు వస్తాయని మీరు బడిలో చదివే ఉంటారు. లిథియం బ్యాటరీలో ఒక్కొక్క సెల్లు 3.7 వోల్టులు, మూడు సెల్లులు కలిస్తే 11.1 వోల్టులు. అది 15 ఆంపియర్లు ఇస్తే సుమారు 165 వాట్లు. మనకు సరిగ్గా సరిపోయింది!

మోటారు మీద "కేవీ 1000" వంటి అంకె ఒకటి ఉంటుంది. ప్రొపెల్లరు లేకుండా వోల్టుకు నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతుందని దాని అర్థం. ఈ అంకె పెద్దదైతే మోటారు బలమైనదని చాలామంది పొరపడతారు. అది వేగమే గాని బలం కాదు. గ్లైడరుకు పెద్ద ప్రొపెల్లరు నింపాదిగా తిరగటమే మేలు; అందుచేత 1,000 దరిదాపుల అంకె చాలు. మోటారు ఆగినప్పుడు వెనక్కు ముడుచుకునే ప్రొపెల్లరు కొనాలి. లేకపోతే అది గాలికి అడ్డుపడుతుంది.

బ్యాటరీ మీద 1,300 మిల్లీ ఆంపియర్-గంటలని ఉన్నదనుకోండి. అంటే 1.3 ఆంపియర్లు గంటసేపు ఇస్తుందన్నమాట. 15 ఆంపియర్లు లాగితే 5 నిమిషాలు వస్తుంది. అడుగంటా వాడరాదు గనక 4 నిమిషాలనుకుందాం. "నాలుగే నిమిషాలా?" అని మా కుర్రవాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు.

కాని చూడండి! 20 సెకండ్లు మోటారు తిప్పితే గ్లైడరు 100 మీటర్లు ఎక్కుతుంది. నిశ్చలమైన గాలిలో అది సెకండుకు అర మీటరు చొప్పున దిగుతుంది. అంటే 3 నిమిషాలకు పైగా తేలుతుంది. నాలుగు నిమిషాలలో 20 సెకండ్లు పన్నెండున్నాయి. పన్నెండుసార్లు ఎక్కి దిగితే సుమారు 40 నిమిషాలు! ఇంతకన్నా పెద్ద బ్యాటరీ ఎందుకు?

బ్యాటరీ మీద "20 సీ" అని కూడా ఉంటుంది. 1.3ను 20తో హెచ్చవేస్తే 26 ఆంపియర్లు. అది ఆ బ్యాటరీ ఇవ్వగల హద్దు. మోటారు లాగేది ఎప్పుడూ ఆ హద్దుకు లోపలే ఉండాలి.

లిథియం బ్యాటరీతో ఆటలు వద్దు. దాన్ని తగిన చార్జరుతో, పెద్దవాళ్ళు దగ్గరుండగా, సిమెంటు నేల మీద పెట్టి చార్జి చెయ్యాలి. ఉబ్బిన బ్యాటరీని ముట్టుకోక పెద్దవాళ్ళకు చెప్పండి, అది అంటుకోవచ్చు. గ్లైడరును విమానాశ్రయాలకూ, జనానికీ దూరంగా, ప్రభుత్వ నిబంధనలు తెలుసుకుని మరీ ఎగరెయ్యాలి.

మా కుర్రవాడు రెక్క అతికించాడు. పెద్ద మోటారూ, బ్యాటరీ తిరిగి ఇచ్చేసి చిన్నవి తెచ్చుకున్నాడు. సీసం తీసేశాడు. బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి, ప్లానులో గుర్తు పెట్టినచోట రెండు వేళ్ళ మీద గ్లైడరు సమంగా నిలిచేట్టు చేశాడు.

మళ్ళీ మైదానానికి పోయిన రోజున ఎండ కాస్తున్నది. వేడెక్కిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తున్నది. రెండు గద్దలు రెక్క ఆడించకుండా చక్కర్లు కొడుతున్నాయి. వాడు గ్లైడరును వాటి వైపు ఎక్కించి మోటారు ఆపాడు. అది కిందికి రావటానికి బదులు గద్దలతోపాటు పైకి పోసాగింది!

"బాబాయిగారూ, మోటారు ఆగే ఉంది!" అని వాడు కేక పెట్టాడు.

పిల్లలూ, ఇప్పుడు మీకొక లెక్క. గ్లైడరు బరువు 600 గ్రాములు, బ్యాటరీలో రెండే సెల్లులు. ఎన్ని వాట్లు కావాలి? ఎన్ని ఆంపియర్లు లాగాలి? జవాబు వచ్చే నెల.