ముగ్గురు కృష్ణులు, ఒక్క హార్మోనియం

శ్రీరామనవమి రాత్రి, పదకొండున్నర. అశ్వారావుపేట పామాయిల్ తోటలు దాటి పాల్వంచ అడవి వైపు సాగే దారిలో ఏ ఊరి పందిరైనా అనుకోవచ్చు. పొద్దున కల్యాణం అయింది, పానకం బిందెలు ఖాళీ అయ్యాయి, తలంబ్రాల బియ్యం ఇంకా చాపల సందుల్లో గుచ్చుకుంటూనే ఉంది. వేదిక మీద పట్టెమంచం. దాని మీద కృష్ణుడు కళ్లు మూసుకుని పడుకున్నాడు. తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. హార్మోనియం శ్రుతి పట్టింది. ఇక కృష్ణుడు లేచి కుశలప్రశ్నల పద్యం ఎత్తుకోవాలి. ఆయన ఒక్క క్షణం ఎక్కువ నిద్రపోయాడు.

"లేవయ్యా సామీ! రెండో కృష్ణుడు కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు అక్కడ!" అని చాప మీంచి ఒక గొంతు.

పందిరంతా గొల్లుమంది. కళ్లు తెరవకముందే కృష్ణుడి పెదవి కదిలింది. ఆ నవ్వుతోనే లేచాడు, ఆ నవ్వుతోనే పద్యం అందుకున్నాడు. చూసేవాళ్లకు అది నటనో నిజమో తేల్చుకునే తీరిక లేదు.

బయటివాళ్లకు ఈ రెండో కృష్ణుడి సంగతి విడమరచి చెప్పాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను ఆధారం చేసుకుని ఊళ్లలో ఆడే 'శ్రీకృష్ణ రాయబారం'లో కృష్ణుడు ఒక్కడే అయినా కృష్ణ వేషధారులు ఒక్కరు కారు. పడక సీనుకు ఒకరు, కౌరవ సభలో రాయబారానికి ఇంకొకరు, యుద్ధరంగానికి మరొకరు. కాంట్రాక్టు నాటకాల కాలంలో పుట్టిన ఏర్పాటిది. కాంట్రాక్టరు పేరున్న నటులను తలా ఒక ఊరి నుంచి రప్పించి, ఒకే రాత్రి ఒకే వేదిక ఎక్కించేవాడు. గొంతులు తెల్లవార్లూ నిలవాలి, టిక్కెట్లూ తెగాలి. అలా ముగ్గురు కృష్ణులు ఒకే పందిట్లోకి వచ్చి పడ్డారు. ముగ్గురికీ కలిపి హార్మోనియం ఒక్కటే. అది వాయించే మనిషి మాత్రం తెల్లారేదాకా కదలడు, మారడు, ఎవరికీ పెద్దగా గుర్తుండడు.

కృష్ణులు ముగ్గురైతే అభిమానులు మూడు జట్లు కాక మానరు. బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, వేలు నోట పెట్టి ఈలతో పద్యం పలికించిన కల్యాణం రఘురామయ్య... వీళ్లలో ఎవరు అసలు కృష్ణుడన్న పంచాయితీ రచ్చబండ మీద తెగకుండానే రెండు తరాలు గడిచిపోయాయి. మాట తెలియాలనే వాళ్లు ఒక పక్క, రాగం తీయాలనే వాళ్లు ఇంకో పక్క. "మీవాడు పద్యం పాడుతున్నాడా, పద్యాన్ని ఆరేస్తున్నాడా?" అని మొదటి జట్టు. "మీవాడు పద్యం చెబుతున్నాడా, వార్తలు చదువుతున్నాడా?" అని రెండో జట్టు. 1967లో వచ్చిన 'శ్రీకృష్ణావతారం' సినిమాలో ఘంటసాల ఆ రాయబారం పద్యాలనే ఆలాపన తగ్గించి, అర్థం నిలబెట్టి పాడాక, ఈ తగవులోకి మూడో పక్షం దిగింది. ఘంటసాల బాణీలో పాడితే రంగస్థలం వాళ్లకు చప్పగా ఉంటుంది, రంగస్థలం బాణీలో పాడితే సినిమా చూసి పెరిగిన వాళ్లకు ఆవలింత వస్తుంది.

పడక సీనులో ఆ కుశలప్రశ్నల పద్యం శార్దూల విక్రీడితం. పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకు 76. మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. పందిట్లో అదే పద్యం నిమిషాల తరబడి సాగుతుంది, మధ్యలో టీ తాగి వచ్చినా నాలుగో పాదం ఇంకా మిగిలే ఉంటుంది. ఆ టీ తాగి వచ్చినవాడే వచ్చీ రాగానే "వన్స్‌మోర్" అని అరుస్తాడు. పక్కనున్నవాడు ఊరుకోడు. "నువ్వు విన్నది ఎంతని మళ్లీ పాడమంటున్నావు మామా?" "విననిది పాడమంటున్నా, అల్లుడూ."

వన్స్‌మోర్ అనేది పైకి మెచ్చుకోలు. లోపల అందులో కొంత పరీక్ష ఉంది. మొదటిసారి తీసిన సంగతే రెండోసారీ తీస్తే "కార్బన్ కాపీ" అంటారు. వేరేది తీసి శ్రుతి జారితే హార్మోనిస్టు పీక పట్టుకుని లాగుతున్నట్టు గట్టిగా నొక్కుతాడు, అది అందరికీ వినబడుతుంది. బాగా కుదిరిందంటే ఎవరో ఒకరు వేదిక ఎక్కి పీతాంబరానికి పిన్నీసుతో నోటు గుచ్చుతారు. వెంటనే మైకు అందుకుంటుంది: ఫలానా గ్రామ వాస్తవ్యులు, ఫలానా వారు, కృష్ణ పాత్రధారి గానానికి మెచ్చి నూట పదహార్లు. కౌరవ సభ మొత్తం ఈ ప్రకటన అయ్యేదాకా ఆగుతుంది. భీష్ముడు గడ్డం సవరించుకుంటాడు. దుర్యోధనుడు తొడ మీద చెయ్యి అలాగే ఉంచుకుని, తన పద్యానికి ఎంత వస్తుందోనని జనం వైపు ఒక చూపు చూస్తాడు.

ఈ వేళాకోళం ఎవడు పడితే వాడు చేసేది కాదు. చాప మీంచి "గణం జారింది" అనాలంటే గణం తెలిసుండాలి. నటుడు పాదం మరిచిపోతే తెర పక్కనున్న ప్రాంప్టరు కంటే ముందు జనంలోంచే పది గొంతులు అందిస్తాయి. ఆ పది మందిలో ఛందస్సు బడిలో చదివినవాళ్లు ఒకరో ఇద్దరో ఉండొచ్చు. మిగతావాళ్లది చెవి చదువు. గ్రామఫోన్ ప్లేట్లతో మొదలై, రేడియోతో పెరిగి, క్యాసెట్లతో పండింది. ఉత్పలమాల అన్న పేరు తెలియకపోయినా, అక్షరం తగ్గితే ముఖం చిట్లించడం వాళ్లకు తెలుసు. పద్యనాటకాన్ని ఇన్నాళ్లు నిలబెట్టింది పరిషత్తుల బహుమతులు, ప్రభుత్వ పురస్కారాలు అని అనుకోవడం పరిపాటి. వాటి మేలు కాదనలేం. కానీ నటుణ్ని ప్రతి పాదం దగ్గర కాపలా కాసింది మాత్రం ఈ చాపల మీది జనమే. వాళ్లు ఆట పట్టించడం మానేస్తే చేసిన తప్పు తప్పని చెప్పేవాడే ఉండడు.

హరిశ్చంద్ర నాటకం దగ్గర ఈ సరదా ఇంకో రూపం దాలుస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలో జనం ఎదురుచూసేది కాటి సీను కోసం. ఆ కాటి సీనులో డి.వి. సుబ్బారావు లాంటివాళ్ల నోట ఊరూరా మోగిన పద్యాల్లో కొన్ని గుర్రం జాషువావి, 'శ్మశానవాటి' నుంచి వేదిక మీదికి నడిచొచ్చినవి. "బలిజేపల్లి వారు ఎంత బాగా రాశారో" అని ఒకరు కళ్లు తుడుచుకోగానే, పక్కవాడికి పండగ. "నువ్వు ఏడ్చింది జాషువాకు బాబాయ్, దండం మాత్రం బలిజేపల్లికి పెట్టావు." ఒక పద్యం ఎవరిదో తెలియడానికి ఇంతకంటే తేలికైన పాఠం లేదు.

ఈ ఖమ్మం నేల మీద పద్యనాటకం ఇంతగా నాటుకోవడానికి భూగోళం కూడా కారణం. మధిర, సత్తుపల్లి, అశ్వారావుపేట పాత కృష్ణా, గోదావరి జిల్లాల అంచున ఉన్నాయి. బెజవాడ నుంచి కాజీపేట పోయే రైలు మధిర, ఖమ్మం మీదుగానే పోతుంది. నటుల ట్రంకుపెట్టెలు ఆ రైలెక్కితే చాలు. భద్రాచలం సంగతి ఇంకా చిత్రం. 1959 దాకా అది తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, తర్వాత ఖమ్మంలోకి వచ్చింది. 2014లో చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయి పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో జిల్లా పేరూ మారింది. ఊరు దాటి ఎటపాక వెళ్తే రాష్ట్రం మారుతుంది, పద్యం మారదు. "మా జిల్లా గొంతు, మీ జిల్లా గొంతు" అని గీతలు గీసుకుని ఎగతాళి చేసుకునే వాళ్లకు ఏ గీత ఎప్పుడు ఎటు జరిగిందో చెప్పడం కష్టం.

రామదాసు నాటకమైతే ఇక్కడ ఇంటి గొడవ. కంచర్ల గోపన్న పుట్టింది నేలకొండపల్లి, తహసీల్దారుగా ఉన్నది పాల్వంచ, గుడి కట్టింది భద్రాచలం. మూడు ఊళ్లూ "మావాడే" అంటాయి. శిస్తు సొమ్ముతో గుడి కట్టి తానీషా చెరలో పన్నెండేళ్లు మగ్గిన ఆ కథ ఆడే రాత్రి, ముందు వరసలో రెవెన్యూ ఉద్యోగి కనబడితే ఇక అతని పని అయినట్టే. ఇంకో పాత చిక్కు కబీరుతో. నాటకాల్లోనూ సినిమాల్లోనూ కబీరు వచ్చి రామదాసును కలుస్తాడు. కబీరు పదహారో శతాబ్దం మొదట్లోనే పోయాడని చెబుతారు, గోపన్న పదిహేడో శతాబ్దపు మనిషి. "కలవడం ఎలా కుదిరింది?" అని చరిత్ర మాస్టారు అడిగితే, "మాస్టారూ, మన బస్సు కూడా చెప్పిన టైముకు ఎప్పుడైనా వచ్చిందా?" అని పక్కనుంచి జవాబు.

అభిమానుల జట్లు మన సొంత రోగం కాదు. మరాఠీ సంగీత నాటకంలో బాలగంధర్వ, కేశవరావు భోంస్లే జట్లు ఒకరినొకరు దెప్పిపొడుచుకుంటూ ఉండగా, 1921 జులైలో ఇద్దరూ కలిసి 'మానాపమాన్' ఆడారు, తిలక్ స్వరాజ్య నిధి కోసం. ఒకే వేదిక మీద రెండు జట్ల జనం. అదే ఏడాది అక్టోబరులో భోంస్లే చనిపోయాడు, ఆ పోటీ మళ్లీ జరగలేదు. ఇటలీలో మిలాన్ నగరపు లా స్కాలా ఒపేరా పై అంతస్తు జనానికి దయాదాక్షిణ్యాలు తక్కువ. 2006 డిసెంబరులో 'ఐదా' ఆడుతుండగా గేలి చేస్తే రొబెర్తో అలాన్యా అనే పేరున్న గాయకుడు మధ్యలోనే వేదిక దిగి వెళ్లిపోయాడు. బదులు గాయకుడు వేషం కూడా వేసుకోకుండా మామూలు బట్టలతో వచ్చి పాట అందుకున్నాడు. మన పందిట్లో అలాంటివాణ్ని వెళ్లనివ్వరు. గొంతు పోయిన కృష్ణుడికి లోపలికి మిరియాల పాలు పంపి, మర్నాడు పొద్దున తీరిగ్గా ఏడిపిస్తారు.

అన్ని నవ్వులూ ఇంత మంచివని చెప్పలేం. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యసనాన్ని ఎండగడుతూ రాసిన 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్ర ఉంది. దాదాపు నూరేళ్లలో ఆ పాత్ర మీద వేదికల్లో పేరుకున్న చౌకబారు హాస్యం రాసినదాన్ని మించిపోయింది. తమను అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు చాలాకాలం మొత్తుకున్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా నాటకాన్నే నిషేధించింది. నాటకాన్ని ఆపడం సరైన మందు కాదు. కానీ ఆ నవ్వు రుచించని మనిషి కూడా అదే పందిట్లో కూర్చున్నాడన్న సంగతి చాలామంది నటులు మరిచిపోయిన మాట నిజం. కృష్ణుణ్ని లేవమని అరిచినప్పుడు కృష్ణుడూ నవ్వాడు. సుబ్బిశెట్టి దగ్గర నవ్వించినవాళ్లు నవ్వారు, నవ్వుల పాలైనవాళ్లు లేచి ఇంటికి పోయారు.

ఇప్పుడు ఈ సరదా చాలావరకు ఫోన్లలోకి చేరింది. పాత రికార్డు ఒకటి ఎవరో పంపుతారు, "ఇదీ పద్యమంటే" అని. అరగంటలో రాగం పేరు మీద గొడవ, గంటలో ఆ నటుడి వంశవృక్షం. చమత్కారానికి లోటు లేదు. ఒక్కటే తేడా. ఫోనులో కృష్ణుడు మధ్యలో ఆగి, ఆ మాట అన్నది ఎవరా అని చాపల వైపు చూడడు.

పందిట్లో ఆ రాత్రి యుద్ధం అయ్యేసరికి తూర్పు తెల్లబడింది. టీ బండి దగ్గర మొదటి కృష్ణుడు రంగు సగం తుడుచుకుని, మెడలో తువ్వాలుతో నిలబడ్డాడు. లేవమని అరిచిన పెద్దమనిషి గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు.

"మూడో పాదం నాకంటే ముందు మీరే అందుకున్నారేం పెద్దాయనా?"

"నువ్వు ఊపిరి పీల్చుకుంటున్నావని."

"మరి నూట పదహార్లు?"

"సగం పద్యం నాదేగా నాయనా. లెక్క సరిపోయింది."

టీ డబ్బులు మాత్రం పెద్దాయనే ఇచ్చాడు, హార్మోనిస్టుకు కూడా కలిపి.