జెర్సీ మారినా ఆట మనదే

"రెండేళ్లలో వెళ్లిపోతాం, ఇక్కడ స్నేహాలెందుకు?" మన బస్తర్ బడుల్లో తరచూ వినిపించే మాట ఇది. అది సరికాదని హైదరాబాద్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ హబీబ్ జీవితం చెబుతుంది.

1966లో ఆయన కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. తర్వాత దానికి బద్ధ ప్రత్యర్థులైన మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకూ ఆడారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఉన్నారు. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుపై గోల్ కొట్టారు. ఏ జెర్సీ వేసుకున్నా ప్రాణం పెట్టి ఆడారు. అందుకే మూడు క్లబ్బుల వారూ ఆయన్ను గౌరవిస్తారు.

ఆయన కోరి వెళ్లారు, మనం బదిలీ మీద వచ్చాం. నిజమే. అయినా ఉన్నన్నాళ్లూ ఈ మైదానం మనదే. తరగతికి కొత్తగా వచ్చినవారికి మొదటి రోజే బంతి అందిద్దాం.