ఇంట్లో ప్రార్థనకు ఎవరి అనుమతి కావాలి?

సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే వీధిలో సగం మందిని పిలుస్తాం. పీటల మీద దంపతులు, వరండాలో చాపలు, వాకిలి నిండా చెప్పులు, కథ ముగిశాక అందరికీ ప్రసాదం. దీనికి పంచాయతీ అనుమతి తీసుకోవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. రానక్కర లేదు కూడా. కానీ అలాంటి ఇంట్లోనే పదిమంది ఆడవాళ్లు ఒళ్లో బైబిలు పెట్టుకుని కూడిక జరుపుకుంటున్నా, నలుగురు బంధువులు చేరి నమాజు చదువుకుంటున్నా తలుపు తట్టి ‘పర్మిషన్ ఉందా’ అని అడిగేవాళ్లు దేశంలో పలుచోట్ల తయారయ్యారు. వాళ్ల వెనకాలే పోలీసు జీపు వస్తోంది. నన్ను కలవరపెడుతున్నది ఆ జీపు.

2022 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ జిల్లా దుల్హేపూర్ గ్రామంలో ఒక ఇంట్లో సామూహికంగా నమాజు చేశారని 26 మందిపై కేసు పెట్టారు. ఊళ్లో మసీదు లేదు. వాడిన సెక్షన్ భారత శిక్షాస్మృతిలోని 505(2), అంటే వర్గాల మధ్య విద్వేషం రెచ్చగొట్టే మాటలకు వర్తించేది. దేవుడికి మోకరిల్లినవాళ్లు ఎవరిని రెచ్చగొట్టారో ఆ కేసులో చెప్పగలిగినవారు లేరు. కొద్దిరోజులకే, నేరానికి ఆధారం కనిపించలేదని పోలీసులే కేసు ఎత్తేశారు. కేసు పోయింది సరే. మళ్లీ నలుగురిని ఇంటికి పిలవడానికి ఆ కుటుంబాలకు ధైర్యం రావాలంటే ఎన్నాళ్లు పడుతుంది?

రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛకు కొన్ని హద్దులు పెట్టింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం. ‘పొరుగువాడికి నచ్చకపోవడం’ ఆ జాబితాలో లేదు. నిరాయుధంగా, శాంతియుతంగా గుమిగూడే హక్కు 19వ అధికరణం ఇచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఈ మూడూ ఒకేసారి వర్తించే చోటు ఏదైనా ఉంటే అది ఇల్లే. అయినా స్థానిక అధికారి దగ్గరకు వచ్చేసరికి వ్యవహారం తలకిందులవుతుంది. ‘గొడవ జరిగే అవకాశం ఉంది, ఆపేయండి’ అంటారు. గొడవ చేస్తామని బెదిరించినవాడిని వదిలేసి, ఇంట్లో కూర్చున్నవాడిని ఆపడం శాంతిభద్రతల నిర్వహణ ఎలా అవుతుంది?

ఇరుగుపొరుగుకు హక్కులు లేవని నేను అనను. శబ్దం విషయంలో వాళ్ల హక్కు గట్టిది. చెన్నైలో మెజెస్టిక్ కాలనీ నివాసుల సంఘం ఒక చర్చి మైకుల మోత మీద కోర్టుకెక్కింది. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు కాలనీవాసుల పక్షానే నిలిచింది. లౌడ్‌స్పీకర్లతో, డప్పులతో పక్కవాళ్ల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని స్పష్టం చేసింది. ఆ తీర్పును చాలామంది సగమే గుర్తుపెట్టుకున్నారు. కోర్టు తగ్గించమన్నది మైకుల మోత. ప్రార్థన ఆపమనలేదు. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు పెట్టకూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. సొంత స్థలంలో పెట్టిన సౌండ్ సిస్టమ్ మోత కూడా ఆ స్థలం సరిహద్దు దగ్గర పరిమితికి 5 డెసిబెల్స్ మించకూడదు.

ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే, ఆ శబ్దం ఎవరి దేవుడిదని ఈ నియమం అడగదు. పడిపూజ భజనకైనా, సువార్త కూటానికైనా, మిలాద్ సభకైనా, పుట్టినరోజు డీజేకైనా కొలబద్ద ఒకటే. మన పెళ్లిళ్లనూ అది వదలదు. తెల్లవారుజామున రెండింటికి ముహూర్తం పెట్టుకుని వాకిట్లో పందిరి వేసి, స్తంభానికి మైకు కట్టి మంత్రాలు వినిపించడం మనకు మామూలు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ దాని మీద ఫిర్యాదు చేస్తే పెళ్లివారికి కోపం వస్తుంది కానీ, చట్టం ఫిర్యాదీ వైపే ఉంటుంది. వీధికి అడ్డంగా షామియానా వేసి అంబులెన్సుకు దారి లేకుండా చేస్తే దానికీ ఇదే న్యాయం. కోవిడ్ కాలంలో 2020లో పెళ్లికి 50 మందికి మించకూడదన్నప్పుడు దాన్ని మతవివక్ష అనడానికి వీల్లేకపోయింది. కారణం ఆరోగ్యం, నియమం అన్ని మతాలకూ ఒకటే, గడువు తాత్కాలికం.

ఇంటి గోడ దాటి వచ్చే శబ్దాన్ని, పొగను, రద్దీని ప్రభుత్వం కొలవవచ్చు. గోడ లోపల ఎవరిని తలుచుకుంటున్నారో అడగకూడదు. ఇరవైమందితో డ్వాక్రా సమావేశం, ఇరవైమందితో చీటీపాట జరిగే ఇంట్లో ఇరవైమందితో ప్రార్థనకు మాత్రమే అనుమతి కావాలన్నారంటే, ఆ నియమం రద్దీ కోసం పుట్టింది కాదు.

తలలు లెక్కపెట్టి ప్రార్థనను నేరం చేసిన చరిత్ర ఇంగ్లండుకు ఉంది. అధికార చర్చికి భిన్నమైన పద్ధతిలో జరిగే ఆరాధనకు ఇంటివాళ్లు కాక బయటివాళ్లు అయిదుగురు చేరితే 1664 చట్టం కింద శిక్ష. 1689లో కొంత సహనం చూపారు, అదీ ఒక షరతు మీద. ప్రార్థన జరిగేటప్పుడు తలుపు గడియ వేయకూడదు. 1812లో పరిమితి ఇరవైమందికి పెరిగింది. అయిదు నుంచి ఇరవైకి రావడానికి దాదాపు 150 ఏళ్లు పట్టింది. గడియ వేయవద్దన్న షరతు చదివినప్పుడు మన ఊళ్లలో తలుపు తట్టేవాళ్లే కళ్లముందు మెదిలారు.

ఇల్లు ఎప్పుడు ప్రార్థనా మందిరం అవుతుంది? ఇది నిజమైన ప్రశ్నే. బోర్డు పెట్టి, గోడలు కొట్టి హాలు కట్టి, ఎవరైనా రావచ్చని ప్రకటించి, వారం వారం వందలమందిని రప్పిస్తే అది భవన వినియోగం మార్చడమే. పంచాయతీ, మునిసిపాలిటీ అనుమతి అడగడం సబబే. గుడి కట్టినా, మసీదు కట్టినా అంతే. వీధులు, పార్కుల వంటి బహిరంగ స్థలాల్లో అనధికార మత నిర్మాణాలు కొత్తగా రాకూడదని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది. ఆ ఆదేశం పట్ల మన అధికారులకున్న శ్రద్ధ ఏపాటిదో రోడ్డు మధ్య లేచిన కట్టడాలే చెబుతాయి. రోడ్డు మీది కట్టడాన్ని ముట్టుకోలేని యంత్రాంగం రెండుగదుల ఇంట్లోని కూడిక మీదికి వెళ్లడం న్యాయం కాదు.

ఆ రెండుగదుల ఇల్లు ఎవరిది? తెలుగు పల్లెల్లో చాలాచోట్ల మాలపల్లెలో, మాదిగపల్లెలో ఉంటుంది. చర్చి కట్టుకునే స్థోమత లేనిచోట ఇల్లే చర్చి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా ఇస్తుంది. కాబట్టి ఇంట్లో ప్రార్థన మీద వచ్చే ఫిర్యాదు అక్కడితో ఆగదు. కులధ్రువపత్రం దాకా, పిల్లల ఉపకారవేతనం దాకా పోతుందేమోనన్న భయం ఆ ఇంటిని వెంటాడుతుంది. తలుపు తట్టేవాడికి ఆ భయం బాగా తెలుసు.

పెళ్లి విషయంలో చట్టం ఇంకా లోపలికి వచ్చింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కొద్ది మినహాయింపులతో ఉదయం ఆరు, సాయంత్రం ఏడు మధ్యనే పెళ్లి జరగాలంటుంది. ఇంగ్లండు చర్చి పాదిరీ చర్చిలో కాక మరోచోట పెళ్లి చేయాలంటే అయిదు మైళ్ల లోపు ఆ చర్చి ఏదీ ఉండకూడదు, లేదా బిషప్ ప్రత్యేక లైసెన్సు ఉండాలి. దొరల కాలంలో ఇంట్లో పెళ్లి మీద అంత అనుమానం. దానితో పోలిస్తే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉదారమైనది. అదనపు రుసుము కడితే మ్యారేజ్ ఆఫీసర్ తన కార్యాలయానికి అందుబాటు దూరంలో వధూవరులు కోరిన చోటికి వచ్చి పెళ్లి జరిపించవచ్చు. ఇంట్లోనే, అమ్మానాన్నల ముందు, మతంతో పనిలేకుండా చట్టబద్ధమైన పెళ్లి.

ఇంతా ఇచ్చి, అదే చట్టం 30 రోజుల నోటీసు పెట్టింది. రిజిస్ట్రార్ కార్యాలయం గోడకున్న బోర్డు ముందు ఒకసారి నిలబడి చూడండి. అమ్మాయి పేరు, వయసు, వృత్తి, చిరునామా. పక్కనే అబ్బాయివి. దారినపోయే ఎవరైనా చదవవచ్చు, అభ్యంతరం చెప్పవచ్చు. కులం, మతం దాటి పెళ్లి చేసుకుంటున్నవాళ్ల ఇంటి చిరునామాను వాళ్ల మీద పగబట్టినవాళ్ల చేతిలో ప్రభుత్వమే పెడుతోంది. పరువు హత్యలు చూసిన తెలుగు నేల మీద ఆ కాగితం ఎంత ప్రమాదమో విడమరచి చెప్పనక్కర లేదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకునేవాళ్లకు ఇలాంటి నోటీసు లేదు. నోటీసు ప్రచురణ జంట ఇష్టానికే వదలాలని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది. పురోహితుడు లేకుండా జరిగే ఆత్మగౌరవ వివాహానికి బహిరంగ ప్రకటన అక్కరలేదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తమిళనాడు కేసులో తేల్చింది.

పెళ్లయ్యాక నమోదు చేయించమనడం వేరు. దానివల్ల స్త్రీకి, పిల్లలకు రక్షణ. ఆంధ్రప్రదేశ్ 2002లోనే నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. పెళ్లికి ముందే ఊరందరికీ అడ్డుకునే వీలు కల్పించడం వల్ల ఎవరికి రక్షణ?

వివాహం ఉమ్మడి జాబితాలోని అంశం. ఆత్మగౌరవ వివాహాల కోసం తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఎ సెక్షన్ చేర్చుకున్నట్టే, రాష్ట్రపతి ఆమోదంతో మన రెండు తెలుగు రాష్ట్రాల అసెంబ్లీలూ ఆ నోటీసు నిబంధనను సవరించుకోవచ్చు. కేరళ అంతవరకు కూడా వెళ్లకుండా, నోటీసులను దుర్వినియోగం చేస్తున్నారని తెలిశాక 2020లో వాటిని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. ఇంటి ప్రార్థనల విషయంలోనైతే సవరణ కూడా అక్కర లేదు. ఫిర్యాదు రాగానే ముందు శబ్దం కొలవాలని, పరిమితిలో ఉంటే ఫిర్యాదీకే ఆ మాట చెప్పి పంపాలని, బెదిరింపులుంటే బెదిరించినవాడి మీదే కేసు పెట్టాలని రెండు రాష్ట్రాల డీజీపీలు ప్రతి స్టేషన్‌కూ ఒక సర్క్యులర్ పంపితే చాలు.